రాజేశం సేటు పెట్టె

స్టీలు మీద పేరు చెక్కే మిషను చప్పుడు వింటే ఇప్పటికీ నా పళ్ళు జివ్వుమంటాయి. మొన్న కరీంనగర్ బజారులో ఒక గిన్నెల దుకాణం ముందు నిలబడ్డప్పుడూ అంతే అయింది. లోపల ఖాజాభాయ్ అనే పెద్దమనిషి ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో బిందె మెడ మీద ఎవరిదో పేరు చెక్కుతున్నాడు. సూది స్టీలును కొరుకుతూ కిర్రుమంటోంది. వేడెక్కిన లోహం వాసన వస్తోంది. నా కుడిచేతి బొటనవేలు దానంతట అదే వంగింది. ఆ మిషను పట్టి బతికిన చెయ్యి కదా, మరిచిపోదు. నా వంతు వచ్చాక సంచిలోంచి అరచేతి వెడల్పు స్టీలు పలక తీసి ఆయన ముందు పెట్టాను. "పేరు జర సాఫ్‌గ రాసియ్యమ్మా. తప్పు వడితె స్టీలు మాఫ్ చెయ్యది" అన్నాడు. కాగితం మీద రాసిచ్చాను: కీర్తిశేషులు రాజేశం జ్ఞాపకార్థం. "కింద ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగాడు. ఉన్నది గానీ ఇంకా తేల్చుకోలేదు, ముందు పేరు చెక్కమని చెప్పి బయట స్టూలు మీద కూర్చున్నాను. ఆ పేరు నేనే చెక్కగలను. చెక్కడం రాక ఇంత దూరం రాలేదు. నా చెయ్యి ఆ పేరు మీద నడవడం నాకు ఇష్టం లేదు, అంతే.

రాజేశం సేటుది చెన్నూరులో గిన్నెల దుకాణం. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను, నా చేతిరాత గుండ్రంగా ఉందని ఎవరో చెబితే పిలిచి పనిలో పెట్టుకున్నాడు. మా నాన్నకు, మేం బాపు అంటాం, కొంచెం పత్తి చేను. అన్న మస్కట్‌లో ఒక కంపెనీ క్యాంపులో ఉండి కట్టడం పని చేసేవాడు. అమ్మకు, మా వైపు అవ్వ అంటాం, మోకాళ్ళ నొప్పులు. నా జీతం ఆ ఇంటికి చాలా అవసరం. పనిలో చేరిన కొత్తలో ఒక ముసలమ్మ చిన్న చెంబు కొని, చనిపోయిన తన మొగుడి పేరు చివర 'గారు' అని కూడా చెక్కమంది. చెంబు మీద గారు ఏమిటని నాకు నవ్వాగలేదు. ఆమె వెళ్ళిపోయేదాకా సేటు ఏమీ అనలేదు. తర్వాత గొంతు పెంచకుండానే నా చెవులు మెలిపెట్టాడు. "బతికున్నన్ని దినాలు ఆయన్ని ఎవడన్న గారు అన్నడో లేదో బిడ్డా. గా చెంబు మీదనన్న అననియ్యి." ఆ రోజు నుంచి ఎవరు ఏం చెక్కమన్నా నేను నవ్వలేదు. ప్రతి అక్షరం రెండుసార్లు అడిగి, రాసి చూపించి, ఆ తర్వాతే మిషను పెట్టేదాన్ని.

దుకాణం ఆయనకు పొట్టకూడు. ప్రాణం మాత్రం సేవాక్లబ్బు. ఊళ్ళోని దుకాణదార్లు, ఇద్దరు ముగ్గురు టీచర్లు, ఒక డాక్టరు కలిసి పెట్టుకున్న క్లబ్బు అది. అధ్యక్షుడు ఏడాదికొకడు మారేవాడు, పూలదండ కోసం. కార్యదర్శి మాత్రం ఎప్పుడూ సేటే, ఎందుకంటే పని చేసేది ఆయనొక్కడే. ఎండాకాలం బస్టాండు దగ్గర చలివేంద్రం, చలికాలం గూడేల్లో దుప్పట్లు, మధ్యలో కంటి క్యాంపులు. మహిళా విభాగం లేకపోతే పై కమిటీ ఊరుకోదని నన్ను కూడా సభ్యురాలిని చేశాడు. పేరుకే అనుకున్నాను. తీరా చూస్తే కాళ్ళకు బలపాలు కట్టుకొని ఆయన వెంట చందాలకు తిరగడమే నా పనయింది.

చందా అడగడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. మొదటిసారి వెళ్ళినప్పుడు చందా మాటే ఎత్తడు. ఇంట్లో కూర్చుంటాడు, చాయ్ తాగుతాడు, గోడకు దండ వేసి ఉన్న ఫొటో వైపు చూస్తాడు. "పెద్దాయన మా దుకాణం ముందట్నుంచే చేనుకు పోతుండె. నడక మస్తు జోరుండె" అంటాడు. ఇక ఆ ఇంటివాళ్ళే మొదలుపెడతారు. ఆయన ఎలా నడిచేవాడో, ఎలా తిట్టేవాడో, పోయేముందు ఏం తినాలని అడిగాడో. సేటు వింటూ ఉంటాడు. నిజంగానే వింటాడు, అదే అసలు విద్య. రెండోసారి వెళ్ళినప్పుడు వాళ్ళే అడుగుతారు, పెద్దాయన పేరు మీద ఏమైనా చేద్దామా అని. బయటికొచ్చాక ఒకసారి నేను ఉండబట్టలేక, చనిపోయినవాళ్ళను అడ్డం పెట్టుకొని వసూలు చేస్తున్నాం కదా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. "బతికినోనికి ఇంకోని ఆకలి యాదికుండది బిడ్డా. పోయినోళ్ళను యాదికి తెస్తెనే చెయ్యి మెత్తవడుతది." ఆ మాట నాకు నచ్చలేదు. కానీ పని చేస్తుందని కళ్ళారా చూశాను. ఇప్పుడు నేను ఎవరింటికి వెళ్ళినా నా కళ్ళు ముందు గోడ మీదికే పోతాయి. నాకు ఆయన మీద ఉన్న కోపాల్లో ఇదొకటి.

శవాన్ని చెడకుండా ఉంచే ఫ్రీజరు పెట్టె ఆలోచన ఒక మే నెలలో పుట్టింది. మా వైపు ఎండలు తెలిసిందే. ఏ ఇంట్లో మనిషి పోయినా కొడుకో అల్లుడో గల్ఫులో ఉంటాడు. కంపెనీ వదలాలి, టికెట్ దొరకాలి, హైదరాబాదులో దిగి ఊరు చేరాలి. అప్పటిదాకా శవాన్ని మంచిర్యాల నుంచి తెచ్చిన ఐసు దిమ్మల మధ్య, ఊక పోసి కాపాడుకోవాలి. ఆ మే నెలలో ఒక కొడుకు దుబాయి నుంచి వచ్చేసరికి తల్లి మొహం మీద గుడ్డ కప్పేసి ఉంచారు. గుడ్డ తియ్యమని అతను కొట్లాడుతుంటే నలుగురు పట్టుకున్నారు. సేటు అక్కడే ఉన్నాడు. మర్నాడు దుకాణం తెరవగానే, "ఇగ మనూళ్ళె ఎవలకు గట్ల కావద్దు" అన్నాడు. అద్దం మూత, కింద చక్రాలు, కరెంటుతో నడిచే పెట్టె కొనాలని తీర్మానం చేయించాడు. దాదాపు ఏడాది తిరిగాం. అన్నకు ఫోనులో చెబితే క్యాంపులో తన గదిలోవాళ్ళనూ పక్క గదులవాళ్ళనూ అడిగి పోగుచేసి పంపాడు. "మాకే గద చెల్లె పనికొచ్చేది" అన్నాడు, నవ్వుతూ.

పెట్టె వచ్చాక దాతల పేర్ల పలకలు చెక్కింది నేనే. అప్పుడు ఊరి పెద్దమనుషుల అసలు రంగు చూశాను. అందరికీ తమ తండ్రి పేరు తల దిక్కే కావాలి. కాళ్ళ దిక్కు ఎవరూ ఒప్పుకోలేదు. శవం కాళ్ళు మా నాన్న పేరుకు తగలాలా అని ఒకాయన మీటింగులోంచి లేచి వెళ్ళిపోయాడు. అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఒక ఇసుక కాంట్రాక్టరు. ఆయన తండ్రి పేరు తల దిక్కు పెద్దక్షరాల్లో పడింది. మస్కట్ మిత్రులు అని చెక్కిన పలక పక్కన ఎక్కడో ఇరికింది. చివరికి కాళ్ళ దిక్కు, ప్లగ్గు వైరు వేలాడే చోట, సేటు తన తండ్రి పేరు పెట్టించుకున్నాడు. "మా బాపుకు కాళ్ళ దిక్కు కొత్త గాదు. జిందగంత ఎవలో ఒకల కాళ్ళకాడనే కూసున్నడు" అని నాతో అన్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. అదే లేకపోతే తర్వాత అంత మండేది కాదేమో.

ప్రారంభం రోజు షామియానా వేశారు, మైకు పెట్టారు, దండలు పడ్డాయి. అందరూ తమ గురించి చెప్పుకున్నాక చివర్న సేటు మైకు పట్టుకుని ఒక్కటే మాట చెప్పాడు. "గీ పెట్టెకు ఒక్కటే కానూన్. ముందు అడిగినోళ్ళకు ముందు. ఇల్లు చూడం, కులం చూడం, ఎవలెంతిచ్చిన్రో చూడం." నేను చప్పట్లు కొట్టాను. నా అరచేతులు ఎర్రబడేదాకా కొట్టాను.

మరుసటి ఎండాకాలం మా బాపు పోయాడు. తెల్లారి చేనుకు బయలుదేరబోతూ గడపలో కూలబడ్డాడు. డాక్టరు వచ్చి పెదవి విరిచాడు. అన్నకు ఫోన్ చేశాను. ఏడుపు మధ్యనే, కంపెనీవాళ్ళు ఒప్పుకున్నారు, రేపటి విమానం, ఎల్లుండికల్లా వస్తాను, ఆపండి అన్నాడు. నేను వెంటనే సేటుకు ఫోన్ చేశాను. "ఫికర్ జెయ్యకు బిడ్డా. ట్రాలీల ఎక్కిస్తున్న" అన్నాడు. నాకు ధైర్యం వచ్చింది. అన్నకు మళ్ళీ చేసి, పెట్టె వస్తుంది, నువ్వు నిమ్మళంగా రా అని చెప్పాను. ముందు గదిలో సామాన్లు తీసేసి చోటు చేశాను. ప్లగ్గు దూరమని పక్కింటి నుంచి ఎక్స్‌టెన్షన్ వైరు తెచ్చి గది మధ్యదాకా పరిచాను. అవ్వ బాపు తల దగ్గర కూర్చుని, "పెట్టెచ్చిందా?" అని అడుగుతోంది. వస్తుందవ్వా అంటున్నాను. ఎండ ముదిరింది. వైరు అలాగే పడి ఉంది. సేటు ఫోన్ ఎత్తడం లేదు.

పొద్దు నడినెత్తికి వచ్చాక నేనే దుకాణానికి పరుగెత్తాను. వెనక, పెట్టె ఉంచే రేకుల షెడ్డు తలుపు బార్లా తీసి ఉంది. లోపల పెట్టె లేదు. సేటు నా స్టూలు మీద, చెక్కే మిషను ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కాంట్రాక్టరు తల్లి కూడా పొద్దున్నే పోయిందట. నా తర్వాత ఫోన్ చేశాడట. ట్రాలీ అటు మళ్ళిందట. "పొద్దుగాల అడిగింది నేను సేటూ" అన్నాను. "ఎరికే బిడ్డా" అన్నాడు. "నువ్వు మనింటి పిల్లవు. సమజ్ చేసుకుంటవనుకున్న. బయటోనికి లేదనుడు అయితదా? క్లబ్బుకు అంబులెన్సు ఇస్తనని మాటిచ్చిండు. రేపు గది వస్తె ఎన్ని పాణాలు నిలబడతయో సోంచాయించు." ఆయన ట్రాలీ ఎక్కి మంచిర్యాల పోయి ఐసు తెస్తానన్నాడు. తెచ్చాడు కూడా. ఆ ఎండకు దారిలోనే సగం నీరైంది.

మనింటి పిల్లవు. ఆ మాట నన్ను ఇప్పటికీ కాలుస్తుంది. మనవాళ్ళయితే సర్దుకుంటారు, మనవాళ్ళయితే నోరెత్తరు, కాబట్టి ఇచ్చిన మాట ముందు మనవాళ్ళ దగ్గరే తప్పొచ్చు. బయటివాడికి మర్యాద, ఇంటివాడికి మొండిచెయ్యి. ఇది ఒక్క సేటు గుణం కాదు, మా ఊళ్ళో ప్రతి పెళ్ళిలో, ప్రతి పంక్తిలో చూస్తాను. వడ్డన తక్కువైతే ముందు ఆగమనేది సొంతవాళ్ళనే. అన్నం దగ్గర అది మర్యాద. మా బాపు దగ్గర అది అన్యాయం. ఆ తేడా అంత పెద్ద మనసున్న మనిషికి తెలియలేదు.

సాయంత్రానికి కులపెద్దలు ఇక ఆగొద్దన్నారు. గదిలో నిలబడలేకపోతున్నారు, వాళ్ళను తప్పు పట్టను. పొద్దు గూకకముందే గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాం. బాపు తమ్ముడి కొడుకు తలకొరివి పెట్టాడు. నేను ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. తెరలో అన్న ఇనుప మంచం అంచున కూర్చుని ఉన్నాడు. చుట్టూ గదిలోవాళ్ళు. ఆ పెట్టెకు తలా ఇంత ఇచ్చినవాళ్ళే అందరూ. "మొకం చూపెట్టు చెల్లె" అన్నాడు. చూపించదగ్గట్టు లేదు. కెమెరాను నది వైపు తిప్పాను. అన్న వచ్చాక బస్టాండులో దిగి సంచి కింద పెట్టకుండానే అడిగాడు. "పెట్టె మన సేటు దగ్గరనే ఉండె గద. మనకెందుకు రాలే?" నేను సంచి అందుకుని ముందు నడిచాను. అన్న అప్పటి నుంచి ఊరికి రావడం తగ్గించాడు. వచ్చినా దుకాణం ఉన్న సందు వైపు పోడు.

కాంట్రాక్టరు ఇంట్లో పెట్టె ఎందుకు నడిచిందో తర్వాత తెలిసింది. ఆ తల్లి కొడుకులందరూ ఊళ్ళోనే ఉన్నారు. రావాల్సినవాళ్ళెవరూ లేరు. ఎవరో పెద్ద నాయకుడు వచ్చి దండ వేస్తానన్నాడట, ఆయన కోసం ఆపారు. ఆ నాయకుడు రాలేదు. దండ మనిషితో పంపాడు.

బాపు దినాల రోజు సేటు క్లబ్బువాళ్ళను వెంటబెట్టుకొని వచ్చాడు. అవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, చాలా పెద్ద మనసుతో చెబుతున్నట్టు చెప్పాడు. "మీ బాపు పేరు గుడ పెట్టె మీద పెట్టిస్త బిడ్డా. పైస వద్దు. తల దిక్కు జాగ జేపిస్త." ఆయన వెటకారమాడటం లేదు. ఒట్టు, అదే నా కడుపు మండించింది. ఆయనకు తెలిసిన మందు అదొక్కటే, పేరు చెక్కడం. "ఆ పెట్టెల పండనియ్యక, ఆ పెట్టె మీద పేరెందుకు సేటూ?" అన్నాను. అందరూ విన్నారు. సేటు మొహంలో రక్తం లేదు. "మరేం జెయ్యమంటవు?" అన్నాడు. "తాళం నాకియ్యండ్రి" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. అధ్యక్షుడు ఏదో అనబోయాడు. సేటు చెయ్యి ఎత్తి ఆపి, దుకాణం తాళాల గుత్తిలోంచి షెడ్డు తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. మళ్ళీ ఎప్పుడూ దాన్ని అడగలేదు.

దుకాణం మానేస్తానని ఊరంతా అనుకుంది. మానేసి ఎక్కడికి పోను? అవ్వ మోకాళ్ళకు మందులెవరు కొంటారు? అదే స్టూలు మీద కూర్చుని అవే పేర్లు చెక్కాను. ఆయన చెప్పిన పనికి సరే అనేదాన్ని, అంతకుమించి మాట లేదు. మధ్యాహ్నం చాయ్ తెప్పిస్తే ముందు నా గ్లాసే నా ముందు పెట్టేవాడు. చల్లారాక తాగేదాన్ని. పెట్టెకు ఎవరు ఫోన్ చేసినా నాకే చేయాలని ఊళ్ళో చాటింపయింది. ముందు అడిగినవాళ్ళకు ముందు. కాంట్రాక్టరు బావమరిది ఇంటికి ఒకసారి లేదన్నాను. అప్పటికే పెట్టె ఇస్తానని ఒక చాకలి ఇంటికి మాటిచ్చాను. మాటిచ్చిన అంబులెన్సు ఎన్నడూ రాలేదు. ప్రతి మీటింగులో సేటు గుర్తుచేసేవాడు, చూద్దాం చూద్దాం అని కాంట్రాక్టరు నవ్వేవాడు. కొన్నాళ్ళకు మీటింగులకే రావడం మానేశాడు. మా బాపు మొహం వట్టి నవ్వుకు అమ్ముడుపోయింది. ఈ వాక్యం రాస్తే కటువుగా ఉంటుందని తెలుసు. ఉండనీ.

అన్నీ చెప్పాలి కదా. ఆయన చెడ్డవాడైతే ఈ జ్ఞాపకం రాసే పనే ఉండేది కాదు. క్లబ్బులోకి కొత్తవాళ్ళు వచ్చి, దుప్పటి ఒకటిచ్చి నలుగురు పట్టుకుని ఫొటో దిగడం మొదలుపెట్టినప్పుడు, తీసుకునే ముసలామె కెమెరా వైపు తిరగాలని వాళ్ళు కేకలేస్తుంటే, సేటు పోయి ఆమెకూ కెమెరాకూ మధ్య నిలబడ్డాడు. ఫొటో నిండా ఆయన వీపే పడింది. వాళ్ళు విసుక్కున్నారు. నేను చూసి లోపల సంతోషపడ్డాను, బయటికి మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. ఇంత తెలిసిన మనిషికి ఆ ఒక్క పగలు ఏమైందని అడుగుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే ఆయన చెప్పేవాడు, చెబితే నేను కరిగిపోయేదాన్నేమో.

ఆయన కూడా ఎండల్లోనే పోయాడు. కొన్నాళ్ళుగా గుండె జబ్బు. ఆ పొద్దున బీడీలు చుట్టే లక్ష్మి నాకు ఫోన్ చేసింది. మొగుడు పోయాడు, కొడుకు దుబాయి నుంచి రావాలి. పంపిస్తానన్నాను. ట్రాలీ పిలిపించి పెట్టె ఎక్కిస్తుండగా సేటు కబురు వచ్చింది. ఆయనకు ఒక్కతే కూతురు, భర్తతో కువైట్‌లో ఉంటుంది. వెంటనే క్లబ్బు అధ్యక్షుడు ఉరుకుతూ వచ్చాడు. "పెట్టె అటు దింపు స్వరూపా. ఆయన తెచ్చిన పెట్టె ఆయనకే లేకపోతె ఊరు మన మొకం మీద ఉమ్ముతది." లక్ష్మికి మాటిచ్చానన్నాను. "లక్ష్మి మనూరిదే గద, సమజ్ చేసుకుంటది" అన్నాడు. అదే మాట. మనిషి మారాడు, మాట మారలేదు. నేను ట్రాలీ డ్రైవరుకు లక్ష్మి ఇల్లు చూపించాను. వెనకనుంచి అధ్యక్షుడు అరిచింది వీధంతా విన్నది. "పగ వట్టినవు! పీనుగ మీద పగ తీర్చుకుంటున్నవు!"

ట్రాలీ అటు పోగానే నేను వేరే బండి మాట్లాడుకుని మంచిర్యాల పోయాను. ఈసారి దిమ్మలు ఎండకు కరగకుండా ఊకలో పాతి, గోనెలు కప్పి, పైన తడి కంబళ్ళు పరిచి తెచ్చాను. ఎలా తేవాలో మా బాపు పోయినప్పుడే నేర్చుకున్నాను. సేటు ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లోని జనం పక్కకు తప్పుకున్నారు. గౌరవంతో కాదు. ఐసు పేర్చి, ఊక పోసి, ఆయన తల దగ్గరే కూర్చున్నాను. నీళ్ళు కారుతుంటే తుడిచాను. ఆయన భార్య, మేమంతా సేటమ్మ అంటాం, నా చెయ్యి పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. "పెట్టె కోసం స్వరూపను అడగకుండ్రి అని నిన్ననే చెప్పిండు బిడ్డా" అంది. "ఎందుకట అమ్మా?" అన్నాను. "అడిగితె కానూన్ తప్పి ఇస్తదేమోనని భయమన్నడు."

నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఎండలో ఎండుతూ కాపాడుకున్న కోపం నాది, పోయే ముందు అందులోనూ వాటా అడిగాడు. నేను లేదన్నది ఆయన మీద పగతోనా, ఆయన చెప్పిన కానూన్ కోసమా అన్నది నాకు ఆ పొద్దున తెలియదు, ఇప్పుడూ తెలియదు. రెండూ ఒకే పనిని చేయించాయి. కూతురు వచ్చేసరికి ఐసు నిలిచింది గానీ మొహం నిలవలేదు. ఆ అమ్మాయి ఒక్కసారి చూసి నా భుజంలో తల దాచుకుంది. చూడకపోయినా బాగుండేదక్కా అంది. లక్ష్మి కొడుకు మాత్రం తండ్రిని అద్దంలోంచి నిద్రపోతున్నవాణ్ణి చూసినట్టు చూశాడట. లక్ష్మే చెప్పింది.

ఆ తర్వాత దుకాణం మూతబడింది, మిషను ఎవరో కొనుక్కుపోయారు. నేను ఒక బడి ఆఫీసులో పనికి కుదిరాను. తాళం మాత్రం నా దగ్గరే ఉంది. ఇప్పుడు కూతురు కువైట్ నుంచి రెండో పెట్టె కొనిచ్చింది, ఇంకెవరికీ ఇలా కాకూడదని. అచ్చం వాళ్ళ నాన్న అన్న మాటే, ఆమెకు తెలియకుండానే. పలక నన్నే చేయించమంది. తల దిక్కు పెట్టించక్కా అంది.

"అమ్మా, పేరయ్యింది. కింద ఏం రాయాల్నో చెప్పకపోతిరి" అని ఖాజాభాయ్ లోపలి నుంచి పిలిచాడు. లేచి వెళ్ళి కాగితం మీద రాసిచ్చాను: ముందు అడిగినోళ్ళకు ముందు. ఆయన చదివి తల ఊపాడు. "మంచి మాట. ఎవలదమ్మా?"

"ఆయనదే."

"మాట మీద నిలబడే మనిషి అయ్యుంటడు."

కాగితం ఆయన ముందుకు జరిపాను. మిషను మళ్ళీ కిర్రుమంది, పళ్ళు జివ్వుమన్నాయి. ఆయన పలక తుడిచి చేతికిచ్చాక, సేటు నేర్పినట్టే ప్రతి అక్షరం మీద వేలు పెట్టి రెండుసార్లు చూశాను. తప్పు లేదు. కూతురు చూస్తే పొగడ్త అనుకుంటుంది, అనుకోనీ. పలకను మాత్రం తల దిక్కు పెట్టను. కాళ్ళ దిక్కు, వైరు వేలాడే చోట బిగిస్తాను. రేపు ఏ ఇంట్లోనైనా ప్లగ్గు పెట్టడానికి వంగిన మనిషి కళ్ళకు ముందుగా కనబడేది అదే.